కొయ్యకు తగిన నూనె

తెలుగునాట పేరుగల మైలవరాలు రెండున్నవి. ఒకటి కృష్ణా ప్రాంతాన కొండపల్లికి చేరువలో ఉన్నది. రెండవది కడప జిల్లాలో, గండికోటకు దిగువన, పెన్నా తీరాన ఉన్నది. మొదటి మైలవరం పొరుగున కొయ్యబొమ్మలు పుడుతవి. రెండవ మైలవరం చుట్టూ నూనెగింజలు పండుతవి. కొయ్యకూ నూనెకూ గల పొత్తును గురించి విచారించడానికి ఈ రెండవ మైలవరమే తగిన చోటు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పరిసరాలలోని పాత ఇండ్లను పరికించినవారికి రాయి, మన్ను, కొయ్య అనే మూడింటి పొందిక కనబడుతుంది. గోడలు రాతివి, పైకప్పు మట్టి మిద్దె, ఆ మిద్దెను మోసేవి కొయ్య దూలాలు, దంతెలు. లోపల ఉయ్యాలబల్ల, భోషాణం, పీట, వ్యాసపీఠం, కవ్వం, పప్పుగుత్తి. నేతవారి ఇంట మగ్గం, నాడె. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటిన దినాలలో పొడిగాలి కొయ్యలోని చెమ్మను పీల్చివేస్తుంది. కొయ్య ముడుచుకుంటుంది. వానలు పడగానే మళ్ళీ ఉబ్బుతుంది. ఏటేటా జరిగే ఈ రాకపోకలలోనే బీటలు పుడుతవి. నూనె పూత ఈ రాకపోకలను పూర్తిగా ఆపలేదు. అయితే కొంత నెమ్మదింపజేస్తుంది, మరకలను అడ్డుకుంటుంది, చారలకు నిండుదనం ఇస్తుంది.

ఇందుకు లోకమంతటా పేరుపడినది అవిసెనూనె. సంస్కృతంలో అతసి అని పిలిచే చిన్న మొక్క గింజల నుండి తీసినది ఇది. కూరకు ఆకులను, పూలను ఇచ్చే అవిసె చెట్టు వేరు. ఈ అవిసెలు వేరు. పేరు ఒకటే కావడం వల్ల పొరపాటు పడరాదు. ఈ నూనె చేతికి అందనప్పుడు గృహస్థుడైనా వడ్రంగి అయినా అడిగే ప్రశ్న ఒక్కటే: దాని బదులు ఏది రాయవచ్చును? ఇంటిలో వేరుశనగనూనె ఉన్నది గదా, అది చాలదా?

బదులుకు వచ్చేది బదులు పని చేయవలె

వ్యాకరణం చదివిన విద్యార్థికి ఆగమానికీ ఆదేశానికీ గల భేదం తెలిసినదే. ఆగమం మిత్రుని వలె వచ్చి పక్కన చేరుతుంది. ఆదేశం శత్రువు వలె వచ్చి, ఉన్నదానిని తొలగించి, ఆ చోట తాను కూర్చుంటుంది. కూర్చున్నంత మాత్రాన సరిపోదు. తొలగినదాని పనిని నెరవేర్చవలె. నూనెల విషయంలోనూ ఇదే న్యాయం. అవిసెనూనెకు బదులు వచ్చేది పేరులో నూనె అయితే చాలదు, గుణంలో దానికి సాటి రావలె.

అసలు ‘నూనె’ అనే మాటలోనే చిన్న చిక్కు ఉన్నది. నువ్వుల నెయ్యి అనే అర్థంలో పుట్టిన మాట ఇది. సంస్కృతంలోని ‘తైలం’ కూడా తిలల నుండి, అనగా నువ్వుల నుండి వచ్చినదే. ఒక గింజ రసానికి పెట్టిన పేరు కాలక్రమాన జిడ్డుగల ప్రతి ద్రవానికీ పేరయినది. ఆముదాన్నీ నూనె అంటాము, నిమ్మగడ్డి నుండి తీసినదానినీ నూనె అంటాము, భూమిలో నుండి వచ్చే కిరోసిన్‌నూ నూనె అంటాము. ఒకే పేరు కింద ఇన్ని జాతులు చేరినవి కాబట్టి గుణభేదం మరుగున పడినది.

కొయ్య మీద రాసిన నూనెకు మూడు గతులు ఉన్నవి. కొన్ని ఎగిరిపోతవి. తాళపత్ర గ్రంథాలకు పురుగు పట్టకుండా రాసే నిమ్మగడ్డి నూనె, రంగులలో కలిపే టర్పెంటైను ఈ జాతివి. కొన్ని ఎక్కడివక్కడే తడిగా నిలిచిపోతవి. వేరుశనగ, కొబ్బరి, ఆముదం ఇటువంటివి. మరికొన్ని మాత్రమే గట్టిపడి పొరగా మారుతవి. కొయ్యకు కావలసినది ఈ మూడవ జాతి.

‘ఎండుట’ అనగా ఏమి?

తడిబట్ట ఎండినప్పుడు నీరు పోతుంది, బట్ట తేలిక అవుతుంది. అవిసెనూనె ఎండే తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. అందులో నుండి పోయేదానికంటె వచ్చి చేరేది ఎక్కువ. గాలిలోని ఆక్సిజన్‌ను అది తనలోకి తీసుకుంటుంది, దాని అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని వలగా ఏర్పడుతవి, ద్రవం ఘనమవుతుంది. పలుచగా రాసిన అవిసెనూనె గట్టిపడేనాటికి మొదటికంటె బరువెక్కి ఉంటుంది. కనుక దానిని ‘ఎండుట’ అనడం లోకవాడుక మాత్రమే. నిజానికి అది గాలిని తిని గట్టిపడుతున్నది.

ఈ శక్తి ఏ నూనెకు ఎంత ఉన్నదో కొలిచే సాధనం ఒకటున్నది. నూనె అణువులలోని ద్విబంధాలు ఎన్ని ఎక్కువైతే ఆక్సిజన్ పట్టు అంత బలంగా ఉంటుంది. ఆ ద్విబంధాలే అయొడిన్‌ను కూడా పట్టుకొంటవి. నూరు గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయొడిన్‌ను గ్రహిస్తుందో అది ఆ నూనె అయొడిన్ విలువ. 1884లో ఆస్ట్రియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు హ్యూబుల్ ఈ పరీక్షా పద్ధతిని ప్రకటించాడు. సాధారణంగా ఆ విలువ 130 దాటితే ఎండే నూనె, 115 మొదలు 130 వరకు సగం ఎండే నూనె, అంతకు తక్కువైతే ఎండని నూనె అని విభాగిస్తారు.

ఈ త్రాసులో మన నూనెలను తూచినట్లయితే ఇలా తేలుతుంది. అవిసె 170 నుండి 200 వరకు. కుసుమ 135 నుండి 150. సోయా, పొద్దుతిరుగుడు సుమారుగా 120 నుండి 140. నువ్వులు 104 నుండి 120. వేరుశనగ 85 నుండి 105. ఆముదం 82 నుండి 90. కొబ్బరి 6 నుండి 11. వంటకు ఏది మేలు అన్న ప్రశ్నకు ఈ అంకెలు జవాబు కావు. కొయ్యకు ఏది పనికివచ్చును అన్న ప్రశ్నకు మాత్రం చాలావరకు జవాబు చెబుతవి.

ఇంటి నూనెల పరీక్ష

రాయలసీమలో సులువుగా దొరికేది వేరుశనగనూనె. కొత్తగా రాసిననాడు కొయ్య ఎంతో నిగనిగలాడుతుంది. మోసమంతా ఆ నిగనిగలోనే ఉన్నది. వారం గడిచినా నెల గడిచినా అది పొర కట్టదు. దుమ్ము వచ్చి అంటుకుంటుంది. కొంతకాలానికి నూనె మక్కువాసన వేస్తుంది. చివరకు చేతికి బంకగా తగులుతుంది. పుస్తకాల బీరువాకు రాస్తే అట్టలకు జిడ్డు మరకలు పడుతవి. నేతవాని నాడెకో, నేసిన గుడ్డ చుట్టుకునే కర్రకో రాస్తే కష్టపడి నేసిన చీర మీద మచ్చ తేలుతుంది. చేనేతకు పేరుపడిన జమ్మలమడుగు ప్రాంతంలో ఈ భేదం తెలియకపోతే కలిగే నష్టం చిన్నది కాదు.

ఆముదం సంగతి మరింత విచిత్రం. చిక్కదనం చూచి ఇది కొయ్యకు గట్టి పూత అవుతుందని అనిపించవచ్చును. కాని బండి ఇరుసుకు కందెనగా ఆముదాన్ని వాడినది అది ఎండదన్న గుణం వల్లనే. ఇరుసుకు ఏది సుగుణమో కుర్చీకి అదే దుర్గుణం. ఆముదంలో రిసినోలిక్ ఆమ్లం 85, 90 పాళ్ళ దాకా ఉంటుంది. కర్మాగారంలో ఆ ఆమ్లం నుండి నీటి అంశను తొలగించినప్పుడు మాత్రమే అది ఎండే నూనెగా మారి రంగులకు, వార్నిషులకు పనికివస్తుంది. గుజరాతులోని కచ్ ప్రాంతాన నిరోణా గ్రామపు రోగన్ చిత్రకారులు ఆముదాన్ని చాలాసేపు కాచి, బంకగా మార్చి, రంగు కలిపి, బట్ట మీద చిత్రాలు వేస్తారు. అది తరతరాల అనుభవం గలవారి పని. వంటింటి పొయ్యి మీద ఆముదాన్ని కాచడం అగ్నితో చెలగాటమే.

వేపనూనె, కానుగనూనె పురుగుకు గిట్టవు. అందుచేత గోడలో దాగే దూలపు కొనలకు వాటిని పూసే వాడుక ఉన్నది. పురుగును దూరం చేసే గుణం వేరు, పొర కట్టే గుణం వేరు. రెండింటినీ ఒకటిగా భావించి వేపనూనెను పీటలకు, ఉయ్యాలలకు రాస్తే మిగిలేవి వాసన, జిడ్డు మాత్రమే. నువ్వులనూనె సరిహద్దున ఉన్నది. అది పూర్తిగా ఎండదు; అవిసెకు బదులుగా దానిని నమ్ముకోరాదు.

కంటకాల నడుమ కుసుమ

ఇక మిగిలినది కుసుమ. రాయలసీమ నల్లరేగడి భూములకు ఈ మొక్క కొత్తది కాదు. జొన్నచేల అంచులలో ముళ్ళతో నిలిచి పశువులు చొరబడకుండా కాపలా కాసినది ఇదే. దీని పూలరేకుల నుండి ఎర్రని అద్దకపు రంగు వచ్చింది. గింజల నుండి నూనె వచ్చింది. ఆ నూనెలో లినోలిక్ ఆమ్లం సుమారు నాలుగింట మూడు వంతులు ఉంటుంది. కాబట్టి అవిసెనూనె కంటె నెమ్మదిగానైనా అది గట్టిపడుతుంది; పసుపుపచ్చబారడం మాత్రం తక్కువ. ఈ కారణం చేతనే తైలవర్ణ చిత్రాలకు రంగులు తయారుచేసేవారు తెల్లరంగును నూరడానికి కుసుమనూనెను వాడుతున్నారు. వాయవ్య సరిహద్దులో పెషావరు ప్రాంతపు పనివారు కుసుమనూనెను గంటల తరబడి కాచి, చన్నీటిలో పోసి, మైనం వంటి ముద్దగా మార్చి వస్త్రాల మీద చిత్రాలు తీర్చేవారు. అఫ్రీదీ మైనపు పని అని దానికి పేరు.

పెన్నా తీరపు నల్లరేగడిలో పెరిగిన మొక్కకు ఇంతటి విద్య ఉన్నది. అయితే నేటి కొనుగోలుదారు ఒక సంగతి గమనించవలె. వంటలో చెడకుండా నిలవడానికి ఓలిక్ ఆమ్లం అధికంగా ఉండేటట్లు పెంచిన కుసుమ రకాలు, పొద్దుతిరుగుడు రకాలు ఇప్పుడు వచ్చినవి. వంటకు అవి మంచివే. కొయ్య మీద మాత్రం అవి ఎండవు. శుద్ధి చేసిన వంటనూనెలలో చెడిపోకుండా కలిపే పదార్థాలు కూడా ఎండడాన్ని ఆలస్యం చేస్తవి. కనుక ‘కుసుమనూనె’ అన్న పేరు చూచి తృప్తిపడక, పాతరకపు గింజను గానుగ ఆడించిన నూనెను వెదకడం మేలు. పేరు నిలిచి గుణం మారిన చోట పేరును నమ్మడం చేటు.

వెల భరించగలవారికి అక్రోటు నూనె ఉన్నది. అదీ ఎండే జాతిదే. అక్రోటు పడనివారున్న ఇంట దానిని వాడరాదు. చైనా దేశపు తుంగ్ నూనె వీటన్నింటికంటె నీటికి బాగా ఓర్చుకుంటుంది. అది దొరికితే అవిసెకు మంచి ఆదేశమే.

అంగడి డబ్బాలోని అవిసె

అవిసెనూనె దొరికినా విచారణ ముగియదు. రంగుల అంగడిలో ‘డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ అనే డబ్బా దొరుకుతుంది. పేరును బట్టి రెండుసార్లు కాచిన నూనె అని అనుకొనవచ్చును. త్వరగా ఎండడానికి ఇటువంటి నూనెలలో లోహ లవణాలను కలుపుతారు. పూర్వం సీసపు సమ్మేళనాలు విరివిగా వాడేవారు; తరువాత కోబాల్టు, మాంగనీసు వచ్చినవి. సీసం పిల్లల మెదడుకు హాని చేసే విషం. మన దేశంలో ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో నియమాలు వెలువడి 2017లో అమలులోకి వచ్చినవి. తలుపుకో, బీరువాకో ఈ డబ్బా నూనెను వాడవచ్చును. పసిబిడ్డ నోట పెట్టుకునే బొమ్మకు, కూర కలిపే గరిటెకు వాడరాదు. వాటికి ఏమీ కలపని పచ్చి నూనెయే శ్రేష్ఠం. తినడానికి అమ్మే అవిసెనూనెలో ఇటువంటి లోహ లవణాలు ఉండవు. ఓపికతో ఎదురుచూస్తే అది గట్టిపడుతుంది.

నూనెయే కావలెనన్న నియమం కూడా లేదు. విశాఖ వైపు వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనించి ఉంచుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టుతుంది. మొగలి ఆకుతో మెరుగు తేలుతుంది. చెట్ల బెరళ్ళు, గింజలు, వేళ్ళ నుండి తీసిన రంగులను ఆ లక్కలో కలిపే పద్ధతిని పునరుద్ధరించిన సి. వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. మొదటి మైలవరం పొరుగున ఉన్న కొండపల్లిలో మెత్తని తెల్లపొణికి కొయ్యకు చింతగింజల బంకతో అతుకులు వేసి, సున్నపు పూత మీద రంగులు దిద్దుతారు. అక్కడ చారలను చూపవలసిన అవసరం లేదు కనుక నూనెకు చోటు లేదు. కొయ్యను బట్టి, కోరికను బట్టి పూత మారుతున్నదని ఈ రెండు ఊళ్ళు చెబుతున్నవి.

ఏ వస్తువుకు ఏది?

ఇంతవరకు చెప్పినదానిని వస్తువుల వారీగా పొందుపరచవచ్చును. బల్ల, కుర్చీ, వ్యాసపీఠం, పుస్తకాల బీరువా వంటివాటికి అవిసె మొదటిది, అది లేనప్పుడు తుంగ్ లేదా పాతరకపు కుసుమ. పిల్లల బొమ్మలకు కలుపులేని పచ్చి అవిసె లేదా కుసుమ, పూర్తిగా గట్టిపడిన తరువాతనే చేతికివ్వవలె. మగ్గపు కర్రలకు అవిసె రాసి, వారాల తరబడి ఆరనిచ్చి, తెల్లగుడ్డతో రుద్ది చూచి మరక లేదని తేలిన తరువాతనే నూలు ఎక్కించవలె.

గరిటెలు, పప్పుగుత్తులు, చపాతీ పీటలు నిత్యం కడిగేవి. వాటికి కొద్దిగా కొబ్బరినూనె తరచుగా రాసి తుడిచినా తప్పులేదు. అది ఎండదు, కాని తక్కిన వంటనూనెలంత త్వరగా మక్కదు. మందుల అంగడిలో దొరికే లిక్విడ్ పారఫిన్ ఎండదు, మక్కదు కూడా. ఈ రెండూ పూతలు కావు, తరచుగా చేయవలసిన సంరక్షణ మాత్రమే. ఎండే నూనెలో కొంత తేనెమైనాన్ని వేడినీటి గిన్నెలో నిలిపిన పాత్రలో కరిగించి ఆఖరి పూతగా రుద్దితే నునుపు వస్తుంది.

పూయడంలోనూ పొదుపే నేర్పు. ముందు ఉప్పుకాగితంతో చారల వెంబడి రుద్ది దుమ్ము తుడవవలె. గుడ్డతో పలుచగా నూనె పట్టించి, పావుగంట తరువాత కొయ్య తాగగా మిగిలినదంతా తుడిచివేయవలె. తుడవకుండా వదలిన నూనె పైన తోలు కట్టి, లోపల తడిగా ఉండి, ముడతలు పడుతుంది. పూతకు పూతకు నడుమ కొన్ని దినాలు గడవవలె. మూడు పలుచని పూతలు ఒక మందపు పూతకంటె మేలు. టేకు వంటి కొయ్యలలో సహజంగా ఉండే జిడ్డు వల్ల ఆరడం ఆలస్యం కావచ్చును.

ఇక మరువరానిది ఒకటి. నూనె గాలిని తిని గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. కొయ్య మీద ఆ వేడి చెదరిపోతుంది. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడవేస్తే వేడి లోపలనే పేరుకుని, నిప్పు లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో చెలరేగిన మంటకు కారణం ఇదే. లోపలి కొయ్యపలకలకు మెరుగుపెట్టినవారు అవిసెనూనె గుడ్డలను అక్కడ వదలి వెళ్ళారు. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మైలవరపు వేసవిలో ఈ జాగ్రత్త మరింత అవసరం. గుడ్డలను విప్పి ఆరుబయట, ఒకదానిపై ఒకటి పడకుండా పరచి ఆరబెట్టవలె. లేదా నీటిలో ముంచి ఉంచవలె.

బడిలో గాజుపలక

ఈ విషయమంతా పుస్తకంలో చదివి నమ్మవలసిన పని లేదు. నాలుగు గాజుముక్కలు చాలును. ఒక్కొక్కదాని మీద అవిసె, కుసుమ, వేరుశనగ, ఆముదం చుక్క చొప్పున వేసి, వేలితో పలుచగా పరచి, పేరు, తేది రాసి, దుమ్ము పడని చోట, వెలుతురు తగిలేటట్లు ఉంచవలె. ప్రతిదినం అంచున వేలు ఆనించి చూచి నోటుపుస్తకంలో వ్రాసుకోవలె. కొన్నాళ్ళకు అవిసె బిగుసుకుంటుంది. కుసుమ ఆ వెనుక వస్తుంది. వేరుశనగ, ఆముదం మొదటినాటి వలెనే జారుతూ ఉంటవి. అంగడిలో తెచ్చిన కుసుమ బిగియకపోతే అది ఏ జాతిదో ఆ గాజుముక్కయే చెబుతుంది. రసాయనశాస్త్ర ఉపాధ్యాయునికి ద్విబంధాల పాఠం, తెలుగు ఉపాధ్యాయునికి ఆదేశసంధి పాఠం ఒకే కిటికీ మీద సిద్ధమవుతవి.

తాతలనాటి పెట్టె, తల్లి ఊపిన ఉయ్యాల, నేతగాని చేతిలో అరిగి నునుపెక్కిన నాడె మళ్ళీ కొనగలిగే వస్తువులు కావు. వాటి మీద చేయి వేయకముందు, గాజు మీద వేసిన చుక్కను కొన్ని వారాలు కనిపెట్టి చూడడం పెద్ద శ్రమ కాదు. చేతికి అందిన నూనెలన్నీ ఆ పరీక్షలో తప్పిపోతే పూత వాయిదా వేయడమే తెలివి. పూతలేని కొయ్య మరికొంతకాలం నిలుస్తుంది. ఎండని నూనె తాగిన కొయ్య నుండి ఆ జిడ్డును తిరిగి తీయడం మాత్రం ఎంత నేర్పరి అయిన వడ్రంగికైనా కష్టమే.